తెల్ల వడియాల్లో నల్ల నువ్వులు

మా ఆడపడుచు వడియాల్లో నల్ల నువ్వులు కలపడం మొదలుపెట్టింది 2013 మాఘమాసంలో. ఎందుకు కలిపిందో ఆమెకు తెలుసు, నాకు తెలుసు. మూడేళ్ల తరవాత ఒక కంపెనీ ఆ నువ్వులు తానే కలిపించానని పుస్తకంలో అచ్చు వేసుకుంది. ఆ పుస్తకం చూసినవాళ్లంతా నా నోరే పెద్దదన్నారు. అందుకని వరస తప్పకుండా రాసి పెడుతున్నాను.

మాది రాజాంకి బస్సులో అరగంట దూరం. నేను ఆడపిల్లల హైస్కూల్లో లెక్కలు చెప్పి 2004లో రిటైరయ్యాను. ఆడపడుచు మా ఆయనకు చెల్లెలు. చిన్న వయసులోనే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. పిల్లలు లేరు. ఇంట్లో వెనక వాటా ఆమెది, ముందు వాటా మాది, మేడ ఇద్దరికీ ఉమ్మడి. అన్నగారి మీద ఆధారపడనని మొదటి రోజే చెప్పి వడియాలు పెట్టడం మొదలుపెట్టింది. మాఘం నుంచి వైశాఖం దాకా బియ్యప్పిండి వడియాలు, సగ్గుబియ్యం వడియాలు. తెల్లగా మల్లెపువ్వుల్లా ఉండేవి. ప్రతి బుధవారం రెండు సంచులు బస్సులో వేసుకుని రాజాంలో ఒక కిరాణా కొట్టుకి ఇచ్చి వచ్చేది. ఆ డబ్బుతోనే ఏడాదంతా తినేది. నా దగ్గర పావుకిలో కందిపప్పు అప్పు తీసుకున్నా కొలిచి తిరిగి ఇచ్చేది. అందుకే మా ఇద్దరికీ పడేది, పడకపోయేది కూడా.

ఫ్యాక్టరీ 2010లో వచ్చింది. ఖనిజం కరిగించే ఫ్యాక్టరీ, రెండు పొగగొట్టాలు. పేరు రాయను. రాస్తే వాళ్ల వకీలు నాకు రాస్తాడు. మొదటి రెండేళ్లూ ఊళ్లో అందరికీ సంబరమే. మగపిల్లలకి కాంట్రాక్టు పనులు, బజార్లో టీకొట్లు. మా మేడ మీద మాత్రం మసి. చేత్తో తుడిస్తే వేలికి అంటుకుని, కడిగినా గీతల్లో మిగిలిపోయే రకం.

వడియం పెట్టినప్పుడు తడిగా ఉంటుంది. ఉడికించిన పిండి, గరిటెతో పంచె మీద వరసలు. ఆ తడి ఆరేలోపు గాలిలో ఏమున్నా అంటుకుంటుంది. ఆరాక దులిపినా రాదు. ఆడపడుచు పైన పల్చటి చీర కప్పి చూసింది. ఎండ తగలక పిండి పులిసిపోయింది. గదిలో ఫ్యాను కింద పెట్టి చూసింది. బూజు పట్టింది. 2012 చైత్రంలో కొట్టాయన రెండు సంచులూ వెనక్కి పంపాడు. వడియాల మీద నల్ల చుక్కలున్నాయని కొన్నవాళ్లు మొహాన కొట్టారట.

మరుసటి మాఘంలో మేడ ఎక్కి చూస్తే పంచెనిండా నల్ల నువ్వుల వడియాలు. మా ఇళ్లలో నల్ల నువ్వులు తద్దినాలకీ తర్పణాలకీ తప్ప బయటికి తియ్యం. పిండివంటల్లో వేస్తే తెల్ల నువ్వులే. ఏమిటే ఈ అప్రాచ్యప్పని అని అడిగాను.

"తెల్ల నువ్వులేస్తే మసి దాగదు వదినా," అంది, తలెత్తకుండా.

నేను కిందికి దిగి వచ్చేశాను. కొట్టాయనకి మాత్రం అవి నచ్చాయి. కొత్త రకం అని పదిరూపాయలు ఎక్కువ కట్టి అమ్మాడట. అలా మూడు వేసవులు గడిచాయి.

2014 జూన్‌లో మా వీధివైపు గది ఒక లెక్చరరుకి అద్దెకిచ్చాను. విజయనగరం పిల్ల, రాజాంలో ఒక కాలేజీలో కామర్సు చెప్పేది, పీహెచ్‌డీ చేస్తోంది. ఆమె గదినిండా కంపెనీల వార్షిక నివేదికలు. అద్దం లాంటి కాగితం, రంగు బొమ్మలు. నా పాత విద్యార్థుల్లో ఒక్కరికి కూడా అంత మంచి కాగితం మీద పాఠం చదువుకునే రాత లేదు. ఏం చేస్తావమ్మా వీటితో అని అడిగితే, వాక్యాలు లెక్కపెడతానంది.

నేను నమ్మలేదు. కూర్చోబెట్టి చెప్పింది. లాభాల్లో రెండు శాతం సమాజం కోసం ఖర్చుపెట్టి, ఆ సంగతి నివేదికలో రాయాలని పెద్ద కంపెనీలకి ఆ ఏడాదే చట్టం వచ్చిందట. అయితే చట్టం రాకముందు నుంచే కంపెనీలు ఇలాంటివి రాస్తున్నాయి. ఎందుకు రాస్తాయి? దానికి లెజిటిమసీ థియరీ అని ఒకటుంది. కంపెనీకీ చుట్టూ ఉన్న జనానికీ మధ్య కాగితం మీద లేని ఒప్పందం ఒకటి ఉంటుందట. నువ్వు ఇక్కడ ఉండదగినదానివే అని జనం అనుకున్నంతకాలమే కంపెనీ నిలుస్తుంది. ఆ నమ్మకం సడలినప్పుడు దానికి రెండు దార్లు. ఒకటి పద్ధతి మార్చుకోవడం. రెండోది, పద్ధతి అలాగే ఉంచి జనం చూసే చూపు మార్చడం. రెండోది చవక. అందుకని చెడ్డపేరు వచ్చిన ఏడాది మంచిపనుల గురించిన వాక్యాలు పెరుగుతాయని సిద్ధాంతం.

"ఈ మాత్రానికి థియరీ ఎందుకమ్మా? మా ఆడపడుచు నువ్వులు కలుపుతుంది, మేడెక్కి చూసుకో," అన్నాను.

ఆమె నవ్వింది. నేను నవ్వడానికి అనలేదు.

మా ఊరి ఫ్యాక్టరీ నివేదికలు కూడా ఆమె దగ్గర ఉన్నాయి. ఇద్దరు మనుషులు విడివిడిగా లెక్కపెట్టి సరిచూసుకోవాలన్నది ఆమె పద్ధతి. ఇంగ్లీషు వచ్చి, తీరిక ఉండి, లెక్క తప్పని రెండో మనిషి కావాలంది. సరే అన్నాను. ఊరి గురించి, గాలినీళ్ల గురించి, పనివాళ్ల గురించి ఉన్న ప్రతి వాక్యం ఒకటి. ఫ్యాక్టరీ వచ్చిన కొత్తలో అర పేజీ. 2014లో హుద్‌హుద్ తుపానుకి కాస్త ముందు మా ఊరివాళ్లు మసి గురించి రోడ్డు మీద లారీలు ఆపారు. ఆ ఏడాది నివేదికలో తొమ్మిది పేజీలు, ఫోటోలతో కలిపి. తుపాను బాధితులకి దుప్పట్లు, బడికి మరుగుదొడ్లు, రోడ్డు పక్కన మొక్కలు. మొక్కలు నాటింది నిజం. వాటి ఆకుల రంగు ఏదో నివేదికలో లేదు.

అబద్ధం వాక్యం వస్తే ఏం చెయ్యాలని అడిగాను.

"అది కూడా ఒకటే మేడమ్. నిజమా కాదా అన్నది ఇందులో రాదు. ఎంత రాశారన్నదే."

"లెక్క తప్పు చేసినవాడికి కూడా మార్కు వేస్తావన్నమాట."

తను మార్కులు వెయ్యడం లేదని, కొలుస్తున్నానని అంది. చదువుకున్న పిల్ల, మర్యాదస్తురాలు, నెల మొదటి తారీఖున అద్దె ఇచ్చేది. అయినా ఆ జవాబు నాకు ఇప్పటికీ అరగలేదు.

2015 కార్తీకంలో ఫ్యాక్టరీ తరఫున ఇద్దరు ఆడపిల్లలు మా వీధికి వచ్చారు. ఒకే రకం పసుపు చీరలు, చేతుల్లో కుంకుమ భరిణె. మహిళా సదస్సుకి ఇంటింటికీ బొట్టు పెట్టి పిలుస్తున్నారు. ఎవరు నేర్పారో గానీ సరైనదే నేర్పారు. మా వైపు ఆడవాళ్లు కాగితం ఇచ్చి పిలిస్తే వెళ్లరు, బొట్టు పెట్టి పిలిస్తే వెళ్లకుండా ఉండలేరు. నాకు పెట్టారు. వెనక ఆడపడుచు చేట పట్టుకుని నిలబడి ఉంది. ఆ పిల్లలు ఈ వీధివాళ్లు కారు, వాళ్లకేం తెలుసు. ఒకమ్మాయి ముందుకెళ్లి ఆమె నుదుట కూడా బొట్టు పెట్టి, తప్పకుండా రావాలి అత్తా అంది. ఆడపడుచు వెనక్కి జరగలేదు. చేట కింద పెట్టలేదు. అలాగే నిలబడిపోయింది.

వాళ్లు వెళ్లాక, అది పేరంటం కాదని, వాళ్లకి కావలసింది సంతకాలూ ఫోటోలూ అని, ఏటా వాటిని ఎలా అచ్చు వేస్తారో నేను లెక్కపెడుతున్నానని ఆమెకి చెప్పాను.

"తెలుసు," అంది. "ఈ వీధికి నాను తిరిగొచ్చి ముప్పై ఏళ్లయింది. శ్రావణ శుక్రవారానికి ఎన్ని బొట్లు ఈ గుమ్మం దాటి నీ దగ్గరికొచ్చినాయో నువ్వే లెక్కెట్టుంటావు. నువ్వు లెక్కల పంతులమ్మవి కదా. నాకెన్నొచ్చినాయి సెప్పు."

పేరంటాలు పిలిచేది మా అత్తగారని, నేను బడికి పోయేదాన్నని, ఆ ఆచారం నేను పెట్టింది కాదని చెప్పాను.

"పెట్టలేదు. తియ్యనూ లేదు. ఇప్పుడు ఆ కంపెనీవోడు తీసినాడు. ఆడు దొంగైతే ఆడి పాపం ఆడిది."

దొంగ అని ఒప్పుకుని మరీ వెళ్తానంటే ఇంకేం చెప్పను? ఆమె బొట్టు చెరుపుకోకుండానే సదస్సుకి వెళ్లింది.

సదస్సులో స్టీలు డబ్బాలు పంచారు, మూత మీద కంపెనీ గుర్తు. అందరి చేతా సంతకాలు తీసుకున్నారు. ఆడపడుచు మర్యాదగా ఉంటుందని ఒక వడియాల పొట్లం పట్టుకెళ్లింది. మా ఊళ్లో ఎవరింటికీ ఒట్టి చేతులతో వెళ్లరు కదా. అక్కడ సీఎస్ఆర్, అంటే ఆ సమాజం కోసం పెట్టే ఖర్చు, చూసే ఆఫీసరు, ముప్పై ఏళ్లుంటాయేమో, ఆ పొట్లం చూసి ముచ్చటపడ్డాడు. ఆమె చేతిలోనే పొట్లం ఉంచి ఫోటో తీయించాడు. క్యాంటీనుకి ప్రతి నెలా వడియాలు తీసుకుంటామన్నాడు. మాట తప్పలేదు, తీసుకున్నారు. ఆ ఏడాది ఆమె రాజాం కొట్టుకీ వేసింది, క్యాంటీనుకీ వేసింది. కొత్త ఇత్తడి గుండిగ కొనుక్కుంది. తమ పొగగొట్టం మసిని తామే డబ్బిచ్చి కొనుక్కుని, వేయించుకుని తిన్నారు. నాకు ఆ ఒక్క విషయం మాత్రం నచ్చింది.

2016లో నివేదిక వచ్చింది. లెక్చరరు తన గదిలోంచి పరిగెత్తుకుంటూ వచ్చి పేజీ చూపించింది. అరపేజీ ఫోటో. బొట్టుతో మా ఆడపడుచు, చేతిలో పొట్లం. కింద ఇంగ్లీషులో మూడు వాక్యాలు. వాటి సారం ఇది: కంపెనీ ఇచ్చిన శిక్షణతో ఒక ఒంటరి గ్రామీణ మహిళ వ్యాపారవేత్తగా మారింది. సంప్రదాయ వంటకానికి నల్ల నువ్వులు జోడించి పోషక విలువ పెంచింది. వాటివల్ల ఇనుము, కాల్షియం అందుతాయి.

ఇనుము సంగతి ఒప్పుకుంటాను. మిగతాది చదివి నా ఒళ్లు మండిపోయింది. వీళ్ల ఫ్యాక్టరీ పునాది తియ్యకముందు పాతికేళ్లపైగా ఆమె వడియాలు అమ్మింది. వీళ్లిచ్చిన శిక్షణ ఏది? వెనక వాటాకి వెళ్లి ఒక్కొక్క వాక్యం తెలుగులో చెప్పాను. పిండి కలుపుతూనే విన్నది. ఉత్తరం రాద్దాం, తీసెయ్యమందాం అన్నాను.

"రాస్తే క్యాంటీనోలు మానేస్తారు. నువ్వు సెప్పిన నిజం నాకు అన్నం పెడతాదేటి?"

నువ్వు వడియం మీద చేసిన పనే వాళ్లు నీ మీద చేశారే అన్నాను. పిండి చేత్తోనే తలుపు గడియ వేసేసింది. ఇరవై రోజులు మాటల్లేవు.

లెక్చరరు ఆ మూడు వాక్యాలనీ లెక్కలో వేసుకుంది. నేను నా కాగితం మీద వెయ్యలేదు. ఇద్దరి లెక్కా కలవకపోతే తన గైడు ఒప్పుకోడని బతిమాలింది. ఆ పేజీ వరకు రెండో మనిషిని వెతుక్కోమన్నాను. వెతుక్కుంది.

అదే ఏడాది చివర, మూడో పొగగొట్టం కోసం ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. ఫ్యాక్టరీ పెంచాలంటే ఊరివాళ్లని కూర్చోబెట్టి ప్రభుత్వ అధికారి ముందు అడగాలన్నది నియమం. ఫ్యాక్టరీ పక్క మైదానంలో షామియానా, కూలర్లు, పులిహోర పొట్లాలు. వేదిక మీద జిల్లా నుంచి వచ్చిన అధికారి, పక్కన ఆఫీసరు, ఆ పక్క కుర్చీలో శాలువా కప్పుకుని మా ఆడపడుచు. నివేదికలో ఆ పేజీని పెద్ద ఫ్లెక్సీగా చేసి వెనక కట్టారు. ఒకే మనిషి రెండుసార్లు కనబడుతోంది.

నేను మైకు అడిగి తీసుకున్నాను. మేడ మీద మసి గురించి, బావి చప్టా గురించి, ఉతికిన బట్టల గురించి ఏ నెలలో ఎంతో చెప్పాను. నా వెనక ఎవరో ఈవిడింకా క్లాసు చెప్తోందిరా అన్నారు. ఆఫీసరు నవ్వుతూ లేచి, పెద్దావిడ ఆవేదన అర్థం చేసుకున్నానని, కానీ అదే మేడ మీద వ్యాపారం చేసి పైకొచ్చిన వాళ్ల ఆడపడుచే ఇక్కడ కూర్చున్నారని, ఆవిడనే అడగవచ్చని అన్నాడు. అతనికి ఆమె జవాబు మీద అంత నమ్మకం. ఆమె వాళ్లవైపే మాట్లాడుతుందని నాకూ అంతే నమ్మకం ఉంది కనుక మైకు ఇచ్చేసి కూర్చున్నాను.

జిల్లా అధికారి ఆమెవైపు తిరిగి, మేడ మీద మసి పడుతుందా అమ్మా అని మామూలుగా అడిగాడు.

ఆమె శాలువా సర్దుకుంది.

"పడతాది బాబూ. అందుకే నల్ల నువ్వులేస్తాను. మసి కనబడకుండా. ఈ బాబులు నేర్పింది కాదు, నానే సేసినాను."

వెనక బెంచీల్లోంచి నవ్వులు లేచాయి. ఆఫీసరు మొహం చూసి నాకు కలిగిన ఆనందం దాచుకోను. అధికారి రాసుకున్నాడు. ఇంటికి నడిచి వస్తూ ఎందుకు చెప్పావే అని అడిగాను.

"అడిగినాడు, సెప్పినాను. అంతకుముందు ఎవడూ అడగలేదు."

నా ఆనందం ఎన్నాళ్లో ఉండలేదు. వారం తిరక్కుండా క్యాంటీనువాళ్లు ఇక వద్దన్నారు. అది అనుకున్నదే. అనుకోనిది రాజాం కొట్టు. సభలో విన్న మాట బస్సులో ఆమెకంటే ముందు చేరింది. మసి దాయడానికి నువ్వులు వేస్తారని తెలిశాక నేనెలా అమ్మేది, నాకూ పేరుంది కదమ్మా అని కొట్టాయన సంచులు విప్పకుండానే తిప్పి పంపాడు. నరసన్నపేటలో తెలిసినవాళ్ల కొట్టుకి కబురు పెట్టింది. వాళ్లు కూడా ఇంకో సంగతి మాట్లాడి మా వడియాల సంగతి ఎత్తలేదు. మసి పోసినవాడికి ఏమీ కాలేదు. మసి ఉందని ఒప్పుకున్నదానికి వ్యాపారం పోయింది. మూడో పొగగొట్టానికి షరతులతో అనుమతి వచ్చింది.

సంచులు పెరట్లో దించి ఆమె నా దగ్గరికి వచ్చింది.

"నీ మాట నెగ్గింది వదినా. ఇక సంతోషంగా ఉండు."

నేను సంతోషంగా లేను. అలా అని చెప్పినా ఆమె వినడానికి నిలబడలేదు. ఆ వేసవి మేడ మీద పంచెలు పరవలేదు.

2017లో వచ్చిన నివేదికలో మా సభ గురించి ఒక వాక్యం ఉంది: ప్రజాభిప్రాయ సేకరణలో స్థానిక మహిళలు ఉత్సాహంగా పాల్గొని విలువైన సూచనలు చేశారు. సిద్ధాంతం చెప్పినట్టే పేజీలు మళ్లీ పెరిగాయి. లెక్చరరు మొహం వెలిగిపోయింది. తన థీసిస్‌కి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదంది. ఆ సంతోషం వేరే ఇంట్లో పడమని చెప్పాను. రెండు నెలల్లో గది ఖాళీ చేసింది. ఆమె తప్పేమీ లేదని మా ఆయన అన్నారు. లేకపోవచ్చు. ఆమె కొలిచింది, అంతే.

ఆ దసరా ముందు ఆఫీసరు స్వయంగా వచ్చాడు. వెనక భరిణెతో పసుపు చీర పిల్ల, ఆటోలో కుట్టుమిషను. కుట్టు శిక్షణ, ఉచితంగా మిషను, బడి యూనిఫారాల ఆర్డరు. నేను గుమ్మంలోనే ఆపి తిరిగి పట్టుకుపొమ్మన్నాను. నా వెనక నుంచి ఆడపడుచు వచ్చి నన్ను భుజంతో పక్కకి జరిపింది.

"లోపల పెట్టండి బాబూ. కుట్టు ఇంట్లో పని, మసి పడదు."

అతను ఫోను తీసి ఫోటో కోసం వెనక్కి జరిగాడు. ఆమె చెయ్యి ఎత్తి ఆపింది.

"ఫోటో తీసుకోండి. మిషనిచ్చినారు, తీసుకోవాల. కానీ కింద నాను సెప్పింది రాయాల. మేడ మీద మసి పడి వడియాలు పోయినాయి, అందుకు కుట్టు నేర్సుకుంటంది అని. రాస్తారా?"

తప్పకుండా అన్నాడు. ఫోటో తీశాడు. బొట్టు పెట్టబోతే ఈసారి ఆమె తల పక్కకి తిప్పుకుంది.

మరుసటి ఏడాది నివేదిక కోసం నేను ఎవరినీ అడగలేదు. కంపెనీ వెబ్‌సైటులో ఉంటుందని తెలిసి నెట్ సెంటరుకి వెళ్లి ఆ పేజీ ప్రింటు తీయించి తెచ్చాను. వెనక వాటాలో ఆమె నీలంరంగు యూనిఫారం చొక్కా కుడుతోంది. ఎదురుగా కూర్చుని చదివి తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. స్వయం ఉపాధి, ఆత్మగౌరవం, కంపెనీ చేయూత. ఆమె పాదం మిషను మీద ఆడుతూనే ఉంది.

"మసి మాటుందా?"

చివరిదాకా చూశాను. వెనక పేజీ కూడా తిప్పి చూశాను.

"లేదు."

"ఐతే ఆపీ. సదవకు," అని గుడ్డ తిప్పి రెండో చేతికి కుట్టు వేసింది.